కుర్చీ అద్దె 320, టాక్సులు అదనం

తెలుగులో మందు పార్టీకి మనం పెట్టుకున్న పేరు ఎప్పుడైనా పట్టించుకుని విన్నారా? సిట్టింగ్. అందులో తాగడమన్న మాటే లేదు. "సాయంత్రం సిట్టింగ్ ఉందిరా" అంటే ఏం తాగుతారు, ఎవరు తెస్తారు, ఎంతవుతుంది అన్నవన్నీ తర్వాతి సంగతులు. ముందు కూర్చోవడం. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరోగానీ మన ఊళ్ల సాయంత్రాలకున్న జబ్బేంటో ఒక్క ముక్కలో పట్టేశారు. మనకి తాగాలని ఉన్నదానికంటే కూర్చోవాలని ఎక్కువ ఉంటుంది. కూర్చోడానికి వేరే చోటు లేక తాగుతున్నవాళ్లని చాలామందిని చూశాను. కొన్నేళ్లు నేనూ అందులో ఒకణ్ణి.

మూడేళ్ల కింద మానేశాను. పెద్ద కథేం లేదు. ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో లివర్ ఎదురుగా రెండు అంకెలు లావు అక్షరాల్లో వచ్చాయి. డాక్టరు కళ్లజోడు పైనుంచి చూసి "ఎన్నాళ్లుగా?" అన్నాడు. భయమేసింది. అంతే. మానేయడం అనుకున్నంత కష్టం కాలేదుగానీ, మానేశాక సాయంత్రం ఏడు తర్వాత ఎక్కడికెళ్లాలో తెలీక తల్లకిందులయ్యాను. స్నేహితులు పిలవడం మానలేదు, పాపం. కానీ సిట్టింగ్‌లో తాగనివాడి హోదా ఏంటో మీకు తెలుసు. "మంచింగ్ అంతా వీడే ఖాళీ చేస్తున్నాడ్రా" అని ఒకడు. "పోనీలే, డ్రైవర్ దొరికాడు" అని ఇంకొకడు. బిల్లు మాత్రం తలా సమానం. ఆ మొదటి ఏడాది నేను తాగిన స్ప్రైట్‌కి లివర్ బాగుపడినా షుగర్ వస్తుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ మెనూ కార్డుల్లో కొత్త పేజీ ఒకటి మొదలైంది. పైన "జీరో ప్రూఫ్" అని రాసుంటుంది. కింద మామిడల్లం కొంబుచా, సుగంధి టానిక్, కోకమ్ ఉప్పు సోడా, పొగబెట్టిన అనాస రసం. చిన్న చిన్న బ్యాచుల్లో చేతితో చేశామని, కృత్రిమ రంగుల్లేవని, ఫలానా కొండల మీది మిరియాలని ప్రతి పేరు కిందా ఒక కవిత. నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. మనల్ని కూడా మనుషులుగా లెక్కేసినవాడు ఒకడున్నాడనిపించింది. మందుకి ప్రత్యామ్నాయం వచ్చేసిందని, కొత్త తరం తాగుడు నుంచి బయటపడుతోందని వ్యాసాలు కూడా మొదలయ్యాయి. ఆ వ్యాసాలు రాసేవాళ్లతోనే ఇప్పుడు నా పేచీ.

ఆమధ్య ఒక కథల పుస్తకం ఆవిష్కరణ అయ్యాక పదిమందిమి జూబ్లీహిల్స్‌లో ఒక చోటికి వెళ్లాం. సభలో మాట్లాడినవాళ్లు, మాట్లాడే అవకాశం రానివాళ్లు, పుస్తకం చదవనివాళ్లు, అందరం. నేను సుగంధి టానిక్ చెప్పాను. 320 రూపాయలు, టాక్సులు అదనం. పొడుగు గ్లాసు, ఒకే పెద్ద ఐసుగడ్డ, అంచుకి కమలాతొక్క, పైన రోజ్‌మేరీ రెమ్మ. పక్కన కూర్చున్న సీనియర్ కథకుడు గ్లాసు వైపు చూసి మెచ్చుకోలుగా "ఏంటీ, జిన్నా?" అన్నాడు.

"ఆ, అలాంటిదే" అన్నాను.

ఇంటికొచ్చేదాకా ఆ జవాబు నన్ను వదల్లేదు. ఎందుకలా అన్నాను? మూడేళ్లుగా ముట్టుకోనివాణ్ణి, ముట్టుకోనని చెప్పడానికి ఏం అడ్డమొచ్చింది? అడ్డమొచ్చింది ఆ గ్లాసే. అబద్ధం సగం అదే చెప్పేసింది, మిగతా సగం నేను పూర్తిచేశానంతే. స్ప్రైట్ తాగినన్నాళ్లూ వెక్కిరింపులు పడ్డానుగానీ నేను తాగనన్న సంగతి బల్ల మీద అందరికీ కనిపించేది. ఇప్పుడు 320 పెట్టి దాన్ని దాచుకున్నాను. ఆ సీసాలో ఉన్న అసలు సరుకు సుగంధి వేరు కాదు, ఆ మారువేషం.

ఇదేం కొత్త వ్యాపారమూ కాదు. కూల్‌డ్రింకులన్నవే ఒకప్పుడు మద్యానికి పోటీగా పుట్టాయి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఛార్లెస్ హైర్స్ అనే మందుల షాపాయన వేర్లతో, మూలికలతో చేసిన పానీయం పెట్టాడు. ఆయన మద్యం ముట్టనివాడు. మొదట దానికి వేర్ల టీ అని పేరు పెట్టబోతే, టీ అంటే గనికార్మికులు తాగరయ్యా, బీరు అని పెట్టు అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడట. అలా రూట్ బీర్ అయింది. చూశారా, వేషం అప్పుడే మొదలు. అట్లాంటాలో పెంబర్టన్ అమ్ముకునే కోకా వైన్‌కి ఊళ్లో మద్యనిషేధం అడ్డొచ్చేసరికి, వైన్ తీసేసి తయారుచేసిన పాకమే 1886లో కోకాకోలా అయింది. మాంచెస్టర్ విమ్టో 1908ది. అదీ మద్యవ్యతిరేక ఉద్యమం ఊపులో నిలదొక్కుకున్నదే.

కానీ ఆ కాలపువాళ్లకి తెలిసిన ఒక విషయం మన మెనూ కార్డులు మర్చిపోయాయి. ఇంగ్లండ్‌లో మద్యవ్యతిరేకులు సీసాలతో సరిపెట్టుకోలేదు. హాళ్లు కట్టారు. కాఫీ ఇళ్లు తెరిచారు, చదువుకునే గదులు పెట్టారు, మద్యం పొయ్యని హోటళ్లు నడిపారు. టూరిస్టు వ్యాపారానికి ఆద్యుడంటామే థామస్ కుక్, ఆయన 1841 జులైలో మొట్టమొదట రైలెక్కించి తీసుకెళ్లింది లెస్టర్ నుంచి లఫ్‌బరోలో జరిగే మద్యవ్యతిరేక సభకి, దాదాపు ఐదువందల మందిని. వాళ్ల నీతిబోధలు మనకి నచ్చకపోవచ్చు, నాకూ నచ్చవు. పనివాడు దిగి వచ్చేసరికి చలిలో వెలుగుతున్న గది ఊళ్లో పబ్బు ఒక్కటే అయితే వాడు పబ్బుకే పోతాడన్న ఇంగితం మాత్రం వాళ్లకుంది. పబ్బు మాన్పించాలంటే ఇంకో గదిలో దీపం పెట్టాలి. మనవాళ్లు అదే పబ్బులో, అదే బల్ల దగ్గర, అదే రేటుకి, ఇంకో గ్లాసు పెట్టి దాన్నే ప్రత్యామ్నాయం అంటున్నారు.

మన దగ్గర సోడా సంగతి ఇంకా వింత. అక్కడ సోడా మందుకి పోటీదారు, ఇక్కడ దాని బావమరిది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న గోలీ సీసా వాళ్ల దేశంలో మ్యూజియంలకి చేరింది. మన బళ్ల మీద ఇంకా కుయ్యిమంటోంది. ఆ బండి ఎక్కడుంటుంది? సినిమా హాలు ముందు, బస్టాండులో, వైన్ షాపు పక్కన. పెద్ద కంపెనీలదీ అదే చుట్టరికం. టీవీలో మద్యం ప్రకటనలు వెయ్యకూడదు కాబట్టి అదే పేరు, అదే బొమ్మ సోడా మీద, మంచినీళ్ల సీసా మీద, మ్యూజిక్ సీడీల మీద వేసి మనకి దశాబ్దాలుగా చూపిస్తున్నారు. సోడా ప్రకటన చూసి సోడా కొన్నవాణ్ణి నేనైతే చూళ్లేదు. ఇప్పుడు బడ్వైజర్ 0.0, హైనకెన్ 0.0 వచ్చాయి. మందులేని సీసా, మందు ఉన్న పేరు. నాజూకు నాన్-ఆల్కహాలిక్ పానీయాలకి దారితీసిందని చెప్పుకునే ఇంగ్లండ్ సీడ్‌లిప్ 2015లో మొదలైతే, 2019 కల్లా అందులో పెద్దవాటా డియాజియో చేతికొచ్చింది. జానీ వాకర్ డియాజియోదే. మానేసినవాడి జేబులోంచి కూడా డబ్బు పాత గల్లాపెట్టెకే చేరితే, మానేసి వాణ్ణి ఏం చేసినట్టు?

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. చిన్నగా ఈ పని చేసుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొంబుచా చెయ్యడం ఆషామాషీ కాదు. తీపి టీలో ఆ జిగటబిళ్ల వేసి వారం, పదిరోజులు కాచుకోవాలి. ఎండాకాలం వేడికి పులుపు ముదిరిపోతుంది. ఆల్కహాలు అర శాతం దాటితే చట్టం లెక్కలో అది మద్యమే. ఆ గీత దాటకుండా చల్లటి పెట్టెల్లో దాయాలి. చక్కెర, ఫ్లేవర్ కలిపిన గ్యాసు పానీయాల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం. కోకాకోలాకీ అంతే, నాలుగు కేసులు అమ్ముకునేవాడికీ అంతే. మా గోదావరి స్నేహితులు ప్రాణంలా చెప్పుకునే రామచంద్రపురం ఆర్టోస్, స్వాతంత్ర్యానికి ముందునుంచి ఆ కుటుంబం సోడా చేస్తోంది, కోలా కంపెనీల తాకిడికి ఇన్నేళ్లు నిలబడిందంటే నాకు గౌరవమే. మంచి సోడా మంచి సోడానే. దాన్ని విముక్తి అని అమ్మొద్దంటున్నానంతే.

ఈ మాటలన్నీ ఒక కవయిత్రి స్నేహితురాలి దగ్గర ఆవేశంగా వాగాను. ఆమె ఎప్పుడూ తాగలేదు, తాగేవాళ్ల మీద ఫిర్యాదూ లేదు. మొత్తం విని ఇలా అంది.

"నీకు సిట్టింగ్‌లో పరువు పోయిందని బాధ. నాకు అసలు సిట్టింగే లేదు. పదేళ్లుగా సభ అయిపోగానే మీరంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారు, నేను క్యాబ్ బుక్ చేసుకుంటాను. ఎవరి కథ ఏ సంకలనంలోకి వెళ్తుందో, ఎవరి పుస్తకం ఎవరు అనువాదం చేస్తారో మాట్లాడుకునేది ఆ తర్వాతే కదా. ఇప్పుడా 320 పారేస్తే తొమ్మిదిన్నర దాకా ఆ బల్ల దగ్గర నేనూ ఉంటున్నాను. చేతిలో గ్లాసుంటే ఎవడూ ఎందుకొచ్చావని అడగడు. నీ సిద్ధాంతం కోసం అది కూడా వదులుకోమంటావా?"

జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. ఆమె చెప్పింది నిజం. మన సాహిత్యలోకంలో సగం పని వేదిక మీద జరగదు, చికెన్ 65 ప్లేటు చుట్టూ జరుగుతుంది. ఆ ప్లేటు చుట్టూ కూర్చోగలిగేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టే సగం పేర్లు ఖాయమవుతాయి. ఆమెకి ఆ గ్లాసు గేట్ పాస్. నేను కాదనలేను. కానీ గేట్ పాస్ ఎవరిదగ్గర కొంటున్నాం? గేటెవరిది? 320 లేని అమ్మాయి సంగతేంటి? సిటీ బస్సులో సభకొచ్చి, చివరి వరసలో కూర్చుని, మొదటి కథ బ్యాగులో పెట్టుకుని ఎవరికివ్వాలో తెలీక తిరిగెళ్లే పిల్లలు ప్రతి సభలోనూ కనిపిస్తారు. వాళ్లకి ఏ కొండల మిరియాలు దారి చూపిస్తాయి?

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా, కావలి వైపు పల్లె. ఆమె కూడా ఒకసారి సిట్టింగ్ వేసింది. 1992లో. అక్షరదీపం చదువుల్లో వాచకం పట్టుకున్న ఆడవాళ్లు, దూబగుంటలో రోశమ్మ లాంటివాళ్లు సారా మీద తిరగబడ్డ ఏడాది అది. దూబగుంట కబురు చుట్టుపక్కల పల్లెలకి పాకింది. మా అమ్మమ్మావాళ్లు సారా కొట్టుకెళ్లే దారికి అడ్డంగా చాపలు పరుచుకుని కూర్చున్నారు. కారప్పొడి, చీపుర్లు పక్కన పెట్టుకుని. "ఏం చేశారమ్మమ్మా అక్కడ కూర్చుని?" అని అడిగితే, "ఏం చేస్తాం, ఊరి కబుర్లు చెప్పుకున్నాం. పెళ్లయి వచ్చాక అన్నేళ్లకి మేమంతా ఒకచోట కూర్చుందే అప్పుడు" అనేది. జిల్లాలో వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్. 1995లో పూర్తి మద్యనిషేధం. 1997లో అదీ పోయింది. ఖజానా తట్టుకోలేకపోయిందన్నారు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో పల్లెలకి చేర్చిన రాష్ట్రం, ఆ రాబడికి ఎంత అలవాటు పడిందో మనకి తెలియంది కాదు.

నిషేధం మళ్లీ రావాలని నేననడం లేదు. అది దొంగసారానీ, పోలీసు మామూళ్లనీ ఎలా పెంచిందో మా ఊరివాళ్లే చెబుతారు. నేనడిగేది వేరే. అప్పుడు తాగుడన్నది ఊరి సమస్య. కూలి డబ్బు ఎటు పోతోంది, ఎవరు అమ్ముతున్నారు, ఎవరు వేలం పాడుతున్నారు అని ఊరంతా అడిగిన ప్రశ్న. ముప్పై ఏళ్లకి అది నా గట్ హెల్త్ అయింది. నా నిద్ర నాణ్యత, నా లైఫ్‌స్టైల్ ఛాయిస్ అయింది. మెనూలో ఒక పేజీ అయింది. పెద్ద ప్రశ్నని చిన్న సీసాలో పట్టించి బిరడా కొట్టేశాం.

జీరో ప్రూఫ్ వ్యాసాల్లో ఎప్పుడూ కనపడని మనిషి ఒకడున్నాడు. అడ్డా మీద నిలబడి సెంట్రింగ్ పనికి వెళ్లి వచ్చినవాడు. ఇరుకు గదిలో నలుగురు పడుకునే చోటు నుంచి సాయంత్రం బయటికొస్తాడు. వాడికీ కూర్చోవాలనే ఉంటుంది. వాడికి ఈ నగరం చూపించే జాగా వైన్ షాపు వెనక పర్మిట్ రూమ్. రేకుల కప్పు, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్టు, ఉడికించిన శనగలు. అక్కడ కూడా సగంమంది నిలబడే ఉంటారు. వాడు తాగడం మానేద్దామనుకుంటే వాడికున్న ప్రత్యామ్నాయం ఏ సీసా? ఇంకో సీసా వాడికెందుకు, ఒక బెంచీ కావాలి.

హైదరాబాద్‌కి ఈ విద్య రాదని కాదు. ఇరానీ హోటల్ అంటే ఏంటి? పాలరాతి బల్ల, చెక్క కుర్చీ, ఒక చాయ్, వన్ బై టూ. దాంతో రెండు గంటలు. రచయితలు, కామ్రేడ్లు, రిటైరైన గుమాస్తాలు, పనిలేనివాళ్లు, అందరూ ఆ కుర్చీల మీదే పెరిగారు. అక్కడా మగాళ్ల రాజ్యమే, ఒప్పుకుంటాను. కానీ కుర్చీ అద్దె ఒక చాయ్ ధర. ఇప్పుడు అద్దెలు పెరిగి ఆ కుర్చీలు తగ్గిపోతున్నాయి. కొత్తగా వెలిసే చాయ్ దుకాణాల్లో కుర్చీయే లేదు. కాగితం కప్పు ఇచ్చి రోడ్డు మీద నిలబెడతారు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి చవక చాయ్ పోసి, సమోసా పెట్టి, కూర్చోబెట్టి, మాట్లాడుకోనిస్తోంది. కోటిమంది ఊరికి అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ప్రభుత్వం 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచింది. తాటిచెట్టు నుంచి తెల్లారకముందే దించి, పులవకముందే తాగే నీరాకి గాజు అద్దాల భవనం. నీరాకీ కల్లుకీ మధ్య దూరం కొన్ని గంటల ఎండే. ఆ భవనంలో నాకు నీరాకంటే నచ్చింది చెరువు వైపు కుర్చీలు.

గ్రంథాలయాలున్నాయిగా అంటారు. ఉన్నాయి. ఆస్తిపన్ను కట్టే ప్రతివాడూ దానిలో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు, ఇంటి అద్దె కట్టేవాడు పరోక్షంగా కడుతున్నాడు. చిక్కడపల్లి లైబ్రరీకి ఒకసారి వెళ్లి చూడండి, పోటీపరీక్షల పిల్లలు చెట్ల కింద కూడా ప్లాస్టిక్ కుర్చీలేసుకుని చదువుతుంటారు. కుర్చీ ఇస్తే జనం ఎలా కూర్చుంటారో చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? వైన్ షాపు రాత్రి పొద్దుపోయేదాకా వెలుగుతుంది. ఆ పక్క వీధిలో, ఆ వేళదాకా, ఆడా మగా ఎవరైనా వచ్చి ఏమీ కొనకుండా కూర్చునే గది ఒక్కటి వెలగాలని అడుగుతున్నాను. సెస్సు మనదే.

ఆ లోపు సాహిత్య సభలు పెట్టేవాళ్లకి ఒక విన్నపం, నాతో కలిపి. సభ ఎనిమిదింటికి ముగించి బార్ వెతుక్కునే బదులు అదే హాలు ఇంకో రెండు గంటలు అద్దెకి తీసుకోండి. పదిమంది తలా 320 పెట్టే డబ్బులో చాలా హాళ్లకి అద్దె వస్తుంది, మిర్చి బజ్జీలతో సహా. తాగేవాళ్లు తర్వాత తాగుతారు, ఎవరాపారు? సంకలనాల సంగతి మాత్రం ఆ రెండు గంటల్లో తేల్చండి.

నేనైతే మొదలుపెట్టేశాను. వచ్చే నెల రెండో శనివారం మా మేడ మీద సిట్టింగ్. చాపలు నావి. సందు చివర బండిమీద గోలీసోడా 20 రూపాయలు, ఉప్పు నిమ్మకాయ వేస్తే 25. గ్రూపులో మెసేజ్ పెట్టగానే మగవాళ్లందరూ బొటనవేళ్లు పెట్టారు. కవయిత్రి మాత్రం రెండు ప్రశ్నలడిగింది: మేడ మీద బాత్రూమ్ ఉందా, మెట్ల దగ్గర లైటు వెలుగుతుందా. బాత్రూమ్ ఉంది. లైటు మొన్ననే వేయించాను.